నా ఒక్కడి ఈల

తెలంగాణ ఉద్యమం రోజుల్లో అమీర్‌పేటలో జావా నేర్చుకుంటూ ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండేవాణ్ణి. మాది భీమవరం, రూమ్మేట్ శీనన్నది వరంగల్. ఇద్దరం ఒకే హీరో అభిమానులం. ఆయన కనబడితే చాలు, జంటగా ఈలలు వేసేవాళ్లం.

ఓ ఆదివారం హాస్టల్ టీవీలో అవార్డుల ఫంక్షన్ వస్తోంది. మా హీరో అవార్డు అందుకుని, "రాష్ట్రాన్ని ముక్కలు చేస్తే ఊరుకోం" అన్నాడు. అలవాటుకొద్దీ ఈల వేసేశాను. నాదొక్కటే మోగింది. హాలంతా నావైపు తిరిగింది.

"నువ్వు సుత గంతేనా తమ్మీ?" అన్నాడు శీనన్న, మెల్లగా.

"ఒట్టు అన్నా, మాట వినలేదు. ఆయన్ని చూసి వేశా." నిజమే చెప్పాను. నమ్మలేదు.

మర్నాడే మధురానగర్‌కి మారిపోయాడు. ఇద్దరం కలిసి అంటించిన హీరో పోస్టర్ని ముట్టుకోలేదు.

రాష్ట్రం విడిపోయాక కూడా ఆయన సినిమాలు రెండువైపులా ఆడుతూనే ఉన్నాయి. మాటల్లేనిది నాకూ శీనన్నకూ మధ్యనే.