అబద్ధపు తాంబూలం

తెలంగాణ రాష్ట్రం రావడానికి ముందటి ఏడాది. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు ఒక్కొక్కటే లేస్తూ, బస్సు ఎక్కడ ఆగుతుందో డ్రైవరుకే తెలియని రోజులవి. ముప్ఫయ్యేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్న నేను, నాచారంలోని మా ఇంటి ముందుగదిలో, ముఖానికి రంగు పూయించుకొని, పెళ్ళికొడుకు తండ్రి వేషంలో కూర్చోవలసి వచ్చింది.

అందుకు కారకుడు నా పూర్వవిద్యార్థి. అతడు తీస్తున్నది ఏ నిర్మాత అండా లేని చిన్న సినిమా. బ్యాంకు ఉద్యోగి అయిన ఒక యువకుడు తనతో గది పంచుకొన్న మిత్రుణ్ణి ప్రేమిస్తాడు. ఆ సంగతి తెలియని తండ్రి సంబంధం కుదిర్చి తాంబూలాలు పుచ్చుకొంటాడు. నేను శృంగార రసాన్ని దశాబ్దాలపాటు బోధించినవాణ్ణి. నాయకుడి వలపుకు ఆలంబనం నాయికయే కావాలని నాకెవరూ పత్రం రాసి ఇవ్వలేదని, అట్లా అనుకొంటూ వచ్చినది నేనేనని ఆ కథ విన్ననాడు తట్టింది.

"ఇది నీ కథేనా నాయనా?" అని అడిగాను.

"నాదే మాస్టారూ. వచ్చే గురువారం మా ఇంట్లోనూ తాంబూలాలే. నాన్నకు చెప్పడానికి నోరు రావడంలేదు. సినిమా తీసి చూపిద్దామనుకొన్నాను. సినిమాకంటే సంబంధమే ముందు కుదిరింది."

ఆ ఆదివారం తాంబూలాల ఘట్టం తీయాలి. ఉదయం నుంచి చుట్టుపక్కల ఇళ్ళ కుక్కర్లు కూడబలుక్కొన్నట్టు ఈలలు వేశాయి. కాప్రా నుంచి వచ్చిన కెమెరా అతను విసిగి, "మాస్టారూ, మీ గల్లీల ఇయ్యాల అందరూ పప్పే వండుతున్నరా ఏంది?" అన్నాడు. అంతలో వధువు తండ్రి వేషం వేయవలసిన నటుడు ఫోను చేశాడు. ఉప్పల్ స్టేడియంలో మ్యాచి ఉందట. ఆయన కారు కదలడంలేదట.

సరిగ్గా అప్పుడే మా గుమ్మంలోకి దర్శకుడి తండ్రి వచ్చాడు. కోస్తా జిల్లాలనుంచి వచ్చి, రైల్వేలో పనిచేసి, మా వెనక వీధిలో స్థిరపడినవాడు. గురువారానికని కొన్న వెండి పళ్ళేన్ని కొడుకు షూటింగుకు పట్టుకొచ్చేశాడని తెలిసి, దాని క్షేమం కనుక్కోవడానికి వచ్చాడు.

"కుటుంబ కథ తీస్తున్నానన్నాడండీ మావాడు. పళ్ళేనికి సొట్టలు పడకపోతే అదే చాలు" అన్నాడు నాతో.

కెమెరా అతను ఆయన్ను ఎగాదిగా చూసి, "అన్నా, వధువు తండ్రి దొరికిండు!" అన్నాడు. దర్శకుడి ముఖం పాలిపోయింది. వద్దనడానికి కారణం చెప్పవలసి వస్తుంది కనుక, వద్దనలేకపోయాడు.

ఆయన చెప్పవలసింది ఒక్క మాట: "మా అమ్మాయిని మీ ఇంటి కోడలుగా స్వీకరించండి." అని, పళ్ళెం నాకందించాలి. దీపాలు వెలిగాయి. ఆయన ఆకులు, వక్కలు, పసుపుకొమ్ములు సరిచూసుకొన్నాడు; ఒక ఆకు తొడిమ అటువైపు ఉంటే ఇటు తిప్పాడు. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసినవాడు. తాంబూలాలు మార్చుకొనే ముందు పిల్లవాణ్ణి స్వయంగా అడగడం ఆయన రివాజు. కెమెరా సంగతి మరచిపోయాడు కాబోలు, నా పక్కన కూర్చొన్న కథానాయకుడివైపు తిరిగి అన్నాడు:

"నాయనా, నీకు ఇష్టమేనా? ఎవరి బలవంతమూ లేదు కదా?"

స్క్రిప్టులో లేని ప్రశ్న అది. కథానాయకుడు పాత్రలో ఎంతగా లీనమై ఉన్నాడో గాని, తల వంచుకొని, "ఇష్టం లేదండీ" అన్నాడు.

ఆయన చటుక్కున పళ్ళెం వెనక్కి లాక్కొన్నాడు. "ఏమండీ మాస్టారూ, కన్నతండ్రి మీరు! పిల్లవాణ్ణి అడగనేలేదా?"

నిజంగానే సిగ్గుతో నా తల వాలిపోయింది. "మస్తు చేస్తున్నరు మాస్టారూ" అని గొణిగిన కెమెరా అతను దర్శకుడివైపు తిరిగి, "కట్ జెప్పవేంది అన్నా?" అన్నాడు.

దర్శకుడు కట్ చెప్పలేదు. కెమెరా ముందుకు నడచి వచ్చాడు.

"ఎందుకిష్టం లేదటరా? పిల్లలో ఏం లోపముంది?" అన్నాడు తండ్రి.

"ఏ లోపమూ లేదు నాన్నా. అతనికి ఇంకొకరంటే ప్రేమ."

"ఆ పిల్లనే చేస్తే సరిపోయేది కదరా!"

"ఆ ఇంకొకరు మగవాడు నాన్నా."

ఆయన తమలపాకుల వంక చాలాసేపు చూశాడు. తరవాత, గొంతు తగ్గించి, "నిన్ను నేను అడిగానా?" అన్నాడు.

"లేదు నాన్నా."

"ఇప్పుడడుగుతున్నాను."

"నాకూ ఇష్టం లేదు. అతని కారణమే నాదీ."

దీపాలు ఆర్పారు. ఆయన మంచినీళ్ళడిగి తాగాడు. కాసేపటికి నన్ను లోపలికి పిలిచి, "గురువారం వద్దని ఆడపిల్లవాళ్ళకు నోటితో చెప్పలేను. మర్యాదగా ఒక ఉత్తరం రాసిపెట్టండి" అన్నాడు.

జీవితంలో నా విద్య పనికివచ్చిన ఘడియ అనుకొని, సమాసం వెంట సమాసం పేర్చి, రెండు పుటలు నింపి ఇచ్చాను. ఆయన శ్రద్ధగా చదివాడు. "బాగుందండీ. కానీ ఇందులో వద్దన్న మాట ఎక్కడుంది?" అన్నాడు. నేనూ వెతికాను. లేదు. ఆయన కలం తీసుకొని మరో కాగితం మీద మూడు వాక్యాలు రాశాడు: మా అబ్బాయికి ఈ పెళ్ళి ఇష్టం లేదు. ముందుగా అడగకపోవడం నా తప్పు. మీ అమ్మాయి చల్లగా ఉండాలి.

ఆడపిల్లవాళ్ళది ఉప్పల్. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకొని బయలుదేరుతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"నీ సినిమాలో తండ్రి చివరికి ఒప్పుకొంటాడా?"

"రాసినదాంట్లో ఒప్పుకోడు నాన్నా" అన్నాడు కొడుకు.

"విన్న పూటే ఒప్పుకొమ్మంటే ఎట్లారా? ఆయనకు కొంచెం గడువివ్వు" అంటూ చెప్పులు తొడుక్కొన్నాడు. కొడుకూ వెంట నడిచాడు; తండ్రి వద్దనలేదు.

ఆటో దొరికేదాకా వాళ్ళిద్దరూ వీధి మొగలో పక్కపక్కనే నిలబడ్డారు. కిటికీలోంచి చూస్తూ కెమెరా అతను, "మాస్టారూ, గిది తీసుకోనా?" అన్నాడు.

"వద్దు నాయనా" అని, నేను కెమెరాకు అడ్డంగా నిలబడ్డాను.