మా మరిది సినిమాల మేమిద్దరం హంతకులం

మా మరిదికి వనపర్తిల ఫోటో స్టూడియో ఉన్నది. పెండ్లిండ్లు, పుట్టినరోజులు తీస్తడు. పోయిన ఎండకాలం ఆయనకు సినిమా తియ్యాలని బుద్ధి పుట్టింది. గద్వాలల మా ఇంటికొచ్చి, చాప మీద కూసోని కథ చెప్పిండు. ఒక మొగుడు పెండ్లాం ఊరూరు తిరుగుతరంట. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. ఏ ఇంట్ల కిరాయికి దిగితే ఆ ఇంటోళ్లను చంపి, ఇంకో ఊరికి పోతరంట.

"ఎందుకు చంపుతరు?" అన్నడు మా ఆయన, మగ్గం కాడికెల్లి లేవకుంటనే.

"కారణం ఉండదన్నా. అదే హారర్."

"కారణం లేకుంట ఎవరన్న చంపుతరా?"

మా మరిది చాప మీద ఇంకింత దగ్గరికి జరిగిండు. అసలు సంగతి తర్వాత చెప్పిండు. పెండ్లాం వేషం కట్టాల్సిన అమ్మాయిని వాళ్ల నాయన వద్దన్నడంట. ఆమె లేకపోతే నేను గూడ రానని మొగుని వేషం కట్టే పిలగాడు మొండికేసి కూసున్నడంట. "వదినా, ఇగ మీరిద్దరే చెయ్యాలె. నిజం మొగుడు పెండ్లాలు గదా, మస్తు కుదురుతది" అన్నడు.

"నాకు మగ్గం మీద చీర సగంల ఉన్నది" అన్న.

"ఒప్పుకో బిడ్డా, తమ్ముని లెక్క అడుగుతుండు" అన్నది మా అత్తమ్మ. అప్పటికి ఆమెకు తెల్వదు, మొదలు చచ్చే ఇంటి ఓనరమ్మ తనే అని. తెలిసినంక భయపడతదేమో అనుకున్న. మరిది చెప్పంగనే ఆమె లోపలికి పోయి, పెట్టెల దాచిన పట్టంచు చీర కట్టుకోని వచ్చింది.

"అమ్మా, చావుకు గింత మంచి చీర ఎందుకే?" అన్నడు మరిది.

"రేపు నలుగురు చూస్తరు. నేసెటోళ్ల ఇంట్ల పాత చీర కట్టుకోని సచ్చిందంటే ఎవరికిరా నామోషి?"

మిట్ట మధ్యాహ్నం షూటింగ్. చీకటి కావాలని కిటికీలకు దుప్పట్లు కట్టిండు. సప్పుడు వస్తదని ఫ్యాన్ బంద్ పెట్టిండు. మా అత్తమ్మ మంచం మీద పండుకుంటే, నేను మొఖం మీద దిండు పెట్టి ఒత్తాలె, మా ఆయన కాళ్లు పట్టాలె. మొదటిసారి నాకు నవ్వొచ్చింది. రెండోసారి దిండు కిందికెల్లి మాట వినొచ్చింది, "గట్ల కాదే, జర గట్టిగ పట్టు. చూసెటోళ్లు నమ్మరు." ఆ తర్వాత మా ఆయన పట్టిన కాళ్లను అలవాటు కొద్ది పిసకబట్టె. రోజు పొద్దుగూకినంక అమ్మ కాళ్లు పిసికే మనిషి, ఆ చేతులకు ఏం తెలుసు? మరిది మొత్తుకున్నడు, "అన్నా, చంపుతున్నవే నువ్వు!" మళ్ల తీసినం. ఈసారి మంచిగనే సచ్చింది, కాని సచ్చినంక చెయ్యి లేపి కొంగు సర్దుకున్నది.

నాకు చెమటకు రవిక ఒంటికి అంటుకపోయింది. గుస్సతోని దిండు ఒత్తిన. ఆమె కాళ్లు కొట్టుకున్నది, ఆగింది. మరిది కెమెరా దగ్గరికి తెచ్చిండు. దిండు తీసిన. కదల్లే. అందరం ఊపిరి బిగబట్టుకోని నిలబడ్డం. అంతల గురక మొదలైంది.

"లేపు వదినా!"

"నేను లేప. పొద్దున్నుంచి పని చేసిన మనిషి, పండుకోనీ" అని కిటికీ దుప్పటి గుంజి పారేసి, ఫ్యాన్ ఏసిన.

రెండో రోజు శ్రీరంగాపూర్ దారిల. హంతకులు నెత్తురు బట్టలతోని బండి మీద పారిపోవాలె. నెత్తురంటే బెల్లం పాకంల ఎర్ర రంగు. మరిది ముందు బండి మీద వెనకకు తిరిగి కూసోని కెమెరా పట్టిండు, ఆయన దోస్తు నడుపుతుండు. మాకు ఈగలు. పల్లి చేన్ల కలుపు తీస్తున్న ఆడోళ్లు మమ్మల్ని చూసి ఉరికొచ్చిన్రు.

"అయ్యో, ఎక్కడ పడ్డరు బిడ్డా?"

బండి ఆపక తప్పలే. ఒకామె తన తువ్వాల తీసి మా ఆయన తలకు కట్టబట్టె. అటు పోతున్న ఆటోను ఇంకొకామె ఆపి, "దవాఖానకు తీస్కపో" అంటున్నది. మా ఆయనకు అబద్ధం రాదు. "ఏం కాలేదమ్మా. సినిమాల మేం మనుషులను చంపుతున్నం" అన్నడు.

ఆమె నా మొఖం చూసి, "దెబ్బ తలకే తాకినట్టున్నది" అన్నది.

"ఇది బెల్లం అమ్మా, చూడు" అని ఆయన మోచెయ్యి నాకి చూపిచ్చిండు. దాంతోని ఇంకింత గాబరా అయిన్రు. నేను తల పట్టుకున్న. అప్పుడు మరిది వెనకకొచ్చిండు, చేతిల కెమెరా. ఆడోళ్లంతా ఆయన మీద పడ్డరు. "అన్న వదినలు గిట్ల నెత్తురోడుతుంటే వీడియో తీస్తున్నవా? సిగ్గులేదు?" బెల్లమని వాళ్లు నమ్మెటాలకు పొద్దు వంగింది. ఆటో ఆయన పోతూ పోతూ, "చంపే మొఖాలేనా ఇవి?" అని మరిదిని అడిగి పోయిండు.

"నాగర్‌కర్నూల్‌ల ఎవరినన్న చంపేదుంటే నువ్వే చంపుకో" అని మరిదికి చెప్పి ఇంటికొచ్చిన. ఆయన ఒక్కడే పోయి అక్కడి బస్టాండ్ తీసి, 'వాళ్లు ఇక్కడికి గూడ వచ్చిన్రు' అని రాసి సినిమా అయిపోగొట్టిండు.

ఫోన్లల పెట్టినంక చూసినోళ్లు రాసిన్రు. హంతకులు కూరగాయల సంతకు పోతున్నట్టున్నరని ఒకరు. ముసలామె మాత్రం మస్తు సచ్చిందని ఇంకొకరు. అది చదివిచ్చుకున్న కాడికెల్లి మా అత్తమ్మ ఇంటికి ఎవరొచ్చినా తన చావు చూపిచ్చే పంపుతున్నది.

ఒక పొద్దున మా అమ్మ ఫోన్ చేసి ఏడ్వబట్టె. ఎవరో నేను దిండు ఒత్తే ముక్క ఒక్కటే పంపిన్రంట. "అత్తను గట్ల చేస్తవానే? నిన్ను గిట్లనే పెంచిన్నా?" అన్నది. సినిమా అంటే వినదు. ఉత్తుత్తిదంటే వినదు. విసిగి ఫోన్ అత్తమ్మ చేతిల పెట్టిన.

"లేదు వదినా, మంచిగనే చంపింది. నాకేం నొప్పి కాలే" అన్నది మా అత్తమ్మ.

ఇంకేమేం చెప్పిందో, కొంచెం సేపటికి ఇద్దరు నవ్వుకుంటున్నరు. నా మాట వినని అమ్మ అత్తమ్మ మాట విన్నదని నాకు మాత్రం కోపం తగ్గలే. పొయ్యి మీద పప్పు మాడుతుంటే లేచి వంటింట్లకు పోయిన.