ఎండిన నేలలో ఏరును చదివిన అనసూయాదేవి

మంగళవారం ఉదయం తరగతికి బయలుదేరుతుంటే మా కళాశాల అటెండరు నన్ను మెట్ల దగ్గర ఆపాడు. "సార్, అనసూయ మేడం పోయిన్రు. తెల్లారంగ గుండె ఆగిందట" అన్నాడు. చేతిలోని హాజరు పట్టీ ఎవరికిచ్చానో నాకు గుర్తు లేదు. ముందురోజు సాయంత్రమే నాతో గంటసేపు వాదించి, గెలిచి, నవ్వుకుంటూ ఇంటికి వెళ్లిన మనిషి! సిద్దిపేటలో ఇరవై ఏళ్లు వృక్షశాస్త్రం బోధించిన ఆ విదుషీమణి గురించి భూతకాలంలో రాయవలసి వస్తుందని ఊహించలేదు.

నేను చరిత్ర అధ్యాపకుణ్ణి. ఎనభైల మొదట్లో, హుస్నాబాద్ వైపు ఒక ఊరి చివర బూడిద దిబ్బలో రాతిగొడ్డళ్లు దొరుకుతున్నాయని విని చూడబోతే, ఆమె కూడా బస్సెక్కింది. వేల ఏళ్ల కిందట పశువులు కాచుకున్నవారు వదిలిపోయిన దిబ్బ అది. నేను గొడ్డళ్లు వెదుకుతుంటే ఆమె బొగ్గు ముక్కలు ఏరి పొట్లం కట్టుకుంది. నాకు నవ్వొచ్చింది.

"నవ్వుండ్రి సారూ. గొడ్డలి మీకు, గది నరికిన చెట్టు నాకు" అంది.

దిబ్బ ఉన్న జాగ ఎల్లయ్య అనే రైతుది. ఆ మన్ను చేనుకు బలమని బండ్లతో తోలుకుంటున్నాడు. ఆమె ఎద్దుల ముందుకు వెళ్లి నిలబడింది.

"ఎల్లయ్యా, ఒక్క ఎండకాలం ఆగు."

"బూడిదల ఏమున్నదమ్మా?"

"గప్పటి అడివి ఉన్నది. నువ్వు తోలుకపోతే మళ్ల దొరకది."

అతను కాసేపు తల గోక్కుని, బండి వెనక్కి తిప్పాడు.

బొగ్గు ఏ చెట్టుదో తెలియాలంటే, తెలిసిన చెట్ల బొగ్గుతో పోల్చి చూడాలి. అందుకు ఆమె పట్టణంలోని వడ్రంగి ఖాసిం సాబ్‌ను ఆశ్రయించింది. ఆయన తెచ్చిన రకరకాల కట్టె ముక్కలను బూడిదైపోకుండా ఇసుక నింపిన డబ్బాల్లో పెట్టి, తన వంటింటి పొయ్యి మీదే కాల్చింది.

"మంచి కట్టెను గిట్ల మాడగొడ్తరా మేడం?" అని ఆయన వాపోతే, "కాలితెనే గద భాయ్, దాని లోపలి ముఖం కనవడేది" అంది.

రెండేళ్లు ప్రతి ఆదివారం సూక్ష్మదర్శిని ముందే కూర్చుంది. చివరికి దిబ్బ బొగ్గులో ఏరుమద్దిని గుర్తుపట్టింది. నీటి ఒడ్డును వెతుక్కుని పెరిగే చెట్టది. ఆ ఊళ్లోనేమో తాగునీటికే కటకట! "అక్కడ ఏరు పారింది, దాని ఒడ్డున దట్టమైన వనం ఉండేది" అని నగరంలో జరిగిన సదస్సులో ప్రకటించింది. ఒక పెద్ద పండితుడు లేచి, ఆ నేల ఎప్పుడూ ముళ్ల పొదల మెట్టేనని, కట్టె ఎక్కడి నుంచైనా మోసుకొచ్చి ఉంటారని తీసిపారేశాడు. సభ నవ్వింది. తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చుంది. సిద్దిపేటలో దిగాక మాత్రం, "కట్టెను మోసుకొస్తరు సారూ, ఏరును ఎవడు మోసుకొస్తడు? దాన్నే దేవులాడుదం" అంది.

మరుసటి వేసవిలో ఎల్లయ్య దిబ్బకు దగ్గరలోనే బావి తవ్వించాడు. లోతున ఇసుక పడిందని కబురు పంపితే ఇద్దరం పరుగున వెళ్లాం. మట్టి తోడే ఇనుప డబ్బాలో ఆమె కొంగు బిగించి కూర్చుంది. "వద్దమ్మా, తాడు పాతది" అని ఎల్లయ్య మొత్తుకున్నా వినలేదు. పైన మేం తాడును మెల్లగా వదులుతూ ఆమెను లోపలికి దించాం. కొంతసేపటికి బావి మారుమోగింది.

"సారూ! నున్నటి ఏటి ఇసుక! నత్తగుల్లలు! గీ పెంకు ఏందో జర చూడుండ్రి!"

పైకొచ్చిన డబ్బాలోని కుండ పెంకును కడిగి చూశాను. దిబ్బలో దొరికిన బూడిదరంగు పెంకులకు తోబుట్టువే. ఆ మనుషులు బతికిన కాలంలోనే అక్కడ ఏరు పారిందనడానికి అంతకన్నా సాక్ష్యమేం కావాలి! పైకి వచ్చిన ఆమె తల నిండా ఇసుక, ముఖం నిండా వెలుగు.

ఏడాది తిరగకముందే అదే సభామందిరంలో అదే పండితుడు లేచాడు. "అమ్మా, పొరబడింది నేను. ఆనాటి నేలను మీరు మాకు చూపించారు" అని చేతులు జోడించాడు. సభంతా లేచి నిలబడింది. ఒక మారుమూల కళాశాల అధ్యాపకురాలు, ఒక వడ్రంగి, ఒక రైతు కలిసి సాధించిన విజయమది. గర్వంతో నా ఛాతీ ఉప్పొంగింది.

ధూళిమిట్ట వైపు మరో దిబ్బను చూద్దామని సోమవారం నాతో వాదించింది. దాన్ని చూడడానికి నేను వెళ్లగలను. చదవడానికి ఆమె కళ్లు కావాలి. అవి మాకు మళ్లీ దొరకవు.

సంతాప సభలో అందరం పెద్ద పెద్ద మాటలు మాట్లాడాక ఎల్లయ్య లేచాడు. "కరువు ఊరోళ్లని మాకు ఎవరు పిల్లనియ్యకపోతుండె. మీ తాతలు ఏటి ఒడ్డున, అడివి నీడల బతికిన్రని మేడం చెప్పింది. గప్పటిసంది మేం తలెత్తుకొని తిరుగుతున్నం" అన్నాడు.

తల్లీ, ఆ మాట తర్వాత నా నమస్కారం చాలా చిన్నది. అయినా స్వీకరించు.