ఎయిర్ క్లీనర్‌కు కట్టిన గుడ్డ

1971 నవంబర్ ఆఖరి వారంలో రాజస్థాన్ ఎడారిలోని ఫీల్డ్ ఆంబులెన్స్ యూనిట్‌కు చేరాను. పగలు ఎండ, తెల్లవారుజామున వేళ్లు వంగనంత చలి. నలుగురికి ఒక గుడారం, మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు. నాకు అప్పగించింది రెండు స్ట్రెచర్లు పట్టే జీపు. వర్క్‌షాప్ సుబేదార్ ఉత్తర్వు ఒక్కటే: రోజూ సాయంత్రం అయిదింటికి ఇంజన్‌కు గాలి వడకట్టే ఎయిర్ క్లీనర్ విప్పాలి, అడుగున నూనె మార్చాలి, డైరీలో సంతకం పెట్టాలి. సొంతంగా ఏదీ కట్టకూడదు, మార్చకూడదు.

నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. ఫౌజులో చేరకముందు ఆరేళ్లు నిజామాబాద్‌లో, బోధన్ రోడ్డు మీది లారీ షెడ్డులో పనిచేశాను. చెరుకు ఆడే నెలల్లో మా లారీలు తిరిగే బోధన్ చక్కెర మిల్లు చుట్టూ పిప్పి దుమ్ము లేస్తుంది. అందుకని మా షెడ్డులో ప్రతి లారీకీ ఎయిర్ క్లీనర్ మూతి లోపల నూనెలో తడిపిన గుడ్డ కట్టేవాళ్లం. ఉస్తాద్ ఒక షరతు పెట్టేవాడు.

"పొద్దుమూకంగనే గుడ్డ ఇప్పాలె, జాడియ్యాలె. లేకుంటే బండి గొంతు నువ్వే పిసికినట్టు."

ఎడారిలోనూ కట్టాను. పాత లుంగీ ముక్క. షరతు నాకు గుర్తుంది. బద్ధకించాను. గుడ్డ ఉంది కదా, లోపల శుభ్రంగానే ఉంటుందని, మూత విప్పకుండానే రోజూ డైరీలో సంతకం పెట్టాను.

యుద్ధం మొదలైన నాలుగో రోజు పొద్దున 6:40కి రేడియోలో కబురు వచ్చింది. "ముందు పోస్టులో ఒకరికి తొడలో షెల్లు ముక్క. రక్తం ఆగడం లేదు. బండి పంపండి." పదకొండు కిలోమీటర్లు. నేనూ, నర్సింగ్ సిపాయీ బయల్దేరాం. అతనిదీ నిజామాబాదే, కంఠేశ్వర్ దగ్గర తాళాలు బాగుచేసే సాయిబుల ఇల్లు. పోయేటప్పుడే బండిలో ఊపు లేదు. యాక్సిలరేటర్ అదిమినా వేగం అందుకోదు. వెనక నల్లటి పొగ.

"అన్నా, గిది జీపా, బర్రెనా?"

"బర్రె అనిపిస్తే దిగి నడువు."

"నడుస్త గని, నేను వోయి చాయ తాగినంక నువ్వొస్తవేమో!"

ఇద్దరం నవ్వాం.

గాయపడ్డవాడు మరాఠా సిపాయి. స్ట్రెచర్ ఎక్కించేసరికి 7:25. మా తెలుగు మాటలు విని కళ్లు తెరిచాడు.

"మీది బోధనా? చెరుకు కొట్టనీకి మేం వస్తుంటిమి. మా ఎడ్లు మిల్లు గేటు కాడ చడావు ఎక్కకపోతుండె."

తిరుగు దారిలో ఒక ఇసుక దిబ్బ ఉంది. సగం ఎక్కాక జీపు దగ్గి ఆగింది. మళ్లీ స్టార్ట్ చేశాను. మొదటి గేరులోనూ లాగలేదు. అతను స్ట్రెచర్ మీదినుంచి చెయ్యి చాపి, జీపు రేకును ఎద్దు వీపు తట్టినట్టు తట్టాడు.

"చల్ రాజా, చల్."

బానెట్ ఎత్తాను. ప్లగ్గులు నల్లగా మసిబారి ఉన్నాయి. ఇంజన్‌కు గాలి చాలకపోతే అలా అవుతాయి. షెడ్డులో కొత్తగా చేరినవాడికైనా ఆ సంగతి తెలుసు. నేను మాత్రం ప్లగ్గులు గీకి పెట్టాను, పాయింట్లు చూశాను, పెట్రోలు గొట్టం ఊదాను. ఇరవై నిమిషాలు పోయాయి.

నర్సింగ్ సిపాయి రెండు చేతులతో గాయాన్ని అదిమి పట్టుకుని, అక్కడినుంచే అడిగాడు. "అన్నా, మీ షెడ్డుల లారీలకు గుడ్డ కడ్తరు గద. దీనికి గూడ కట్టినవా?"

జబ్బు ఎక్కడుందో ఆ క్షణంలో తెలిసిపోయింది. ఉత్తర్వు తప్పాను. తప్పుడు సంతకాలు పెట్టాను. బయటపడితే శిక్ష.

"లేదు. పెట్రోల్ల చెత్తున్నది," అన్నాను.

అతను చూస్తుండగా గుడ్డ తీయలేను. దిబ్బ అవతల తుప్పలు కోసుకొచ్చి చక్రాల కింద వేయమన్నాను.

"చెయ్యి ఇడిస్తె రక్తం ఆగదన్నా."

"బండే కదలకుంటే చెయ్యి పట్టుకోని ఏం జేస్తవ్?"

పట్టీ బిగించి కట్టి పరుగెత్తాడు. గుడ్డ లాగడానికి రెండు నిమిషాలు పట్టింది. ఇసుకా నూనే కలిసి అట్టలా గట్టిపడింది. మడిచి జేబులో పెట్టుకున్నాను. వెంటనే స్టార్ట్ చేస్తే అనుమానం వస్తుందని కార్బురేటర్ మీదికి వంగి, విప్పిన మరనే మళ్లీ బిగిస్తూ నిలబడ్డాను. నర్సింగ్ సిపాయి తిరిగొచ్చేసరికి పన్నెండు నిమిషాలు. వెనక స్ట్రెచర్ పక్క రేకు మీద అతను తడుతున్న చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను వినలేదు.

స్టార్ట్ చేశాను. జీపు దిబ్బను ఒక్క ఊపులో ఎక్కేసింది.

8:35కి యూనిట్ చేరాం. డాక్టర్ కెప్టెన్ నాడి చూసి, "కాస్త ముందు తెచ్చి ఉంటే..." అని ఆపేశాడు. రిపోర్టులో పెట్రోలులో చెత్త అని రాశాను. సాక్షిగా నర్సింగ్ సిపాయి సంతకం పెట్టాడు.

ఫౌజు నుంచి వచ్చేశాక ఏడాదికి గానీ కంఠేశ్వర్‌లో అతని తాళాల దుకాణానికి పోవడానికి ధైర్యం చాలలేదు. నిలబడే చెప్పాను. గుడ్డ సంగతి, పన్నెండు నిమిషాల సంగతి.

అతను ఆకురాయి ఆపకుండా విన్నాడు. "నాకెరుకనే అన్నా. నీ జేబుకు నూనె మరక సూసిన."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని సూసిన. గంతే." ఆకురాయి పక్కన పెట్టి అన్నాడు, "ఆ రోజు చెయ్యి ఇడిసింది నేను. గది నా మీదేసుకోని బతుకుతున్న ఇన్ని దినాలు."

నా పాపంలో సగం అతనితో మోయించానని అప్పటిదాకా నాకు తోచలేదు.

ఇప్పుడు బోధన్‌లోనే ఉంటున్నాను. చెరుకు ఆడే నెలల్లో మిల్లు గేటు ముందు బండ్లు వరుస కడతాయి. చడావు దగ్గర ఎడ్లు మొరాయిస్తే మరాఠీ బండివాళ్లు దిగి వాటి వీపు తడతారు. నేను ఆ దారిన పోవడం మానుకున్నాను. అయినా కళ్లు మూసుకుంటే ఆ చెయ్యి కనిపిస్తుంది. జీపు రేకు మీద నాలుగు వేళ్లు. బండి కదులుతుందని నమ్మి, మెల్లగా తడుతూ.