కిటికీ పక్క సీటు

హైదరాబాదుకు వచ్చి ఏడేళ్లయింది గానీ, వచ్చిన రోజు రైల్లో కలిసిన అవ్వను ఇప్పటికీ తలుచుకుంటాను.

నాన్నకు మొదటి షిఫ్టు డ్యూటీ పడడంతో, గోదావరిఖని నుంచి రామగుండం స్టేషనుకు ఒక్కదాన్నే వచ్చాను. కొత్త ఉద్యోగం, కొత్త ఊరు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగిలేది కాదు.

రైలెక్కితే, కిటికీ పక్కన నా రిజర్వేషన్ సీట్లో ఒకాయన కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. లెమ్మని అడగలేక బ్యాగు పట్టుకుని నిలబడ్డాను. పెద్దపల్లి కూడా దాటింది.

తలుపు దగ్గరున్న అవ్వ ఒకామె నన్ను చూసి చూసి దగ్గరికొచ్చింది.

"గది నీ సీటేనా బిడ్డా?"

తలూపాను.

"మరి అడుగవేంది?"

"నువ్వే చెప్పవా అవ్వా," అని గొణిగాను.

"నేనెందుకు చెప్త? నువ్వే అడుగు. నేనీడనే నిలవడ్త."

నా భుజానికి భుజం ఆనించి నిలబడింది.

"అన్నా, ఇది నా సీటు," అన్నాను.

"అయ్యో, చూస్కోలేదమ్మా," అంటూ ఆయన లేచి వెళ్లిపోయాడు. అంతే!

కూర్చుని చూస్తే అవ్వ మళ్లీ తలుపు వైపు నడుస్తోంది. ఆమెకు సీటే లేదని అప్పుడు తెలిసింది.

"అవ్వా! ఇటు రా, ఇద్దరం సర్దుకుందాం!"

బోగీ అంతా తిరిగి చూసింది. అవ్వ పడీపడీ నవ్వింది. "గింత గొంతు పెట్టుకొని అరగంట నిలవడ్డవానే!"

జమ్మికుంటలో ఆమె దిగేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. పేరు మాత్రం అడగనేలేదు.