జల్లెడక్క, ఏడో గ్రహం

మా ఆఫీసులో ఆవిడను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ జల్లెడక్కే. మేం చేసిన గేమ్‌ను ఆవిడ చేతిలో పెడితే జల్లెడ పట్టేసేది. పొల్లు ఎంత చిన్నదైనా బయటపడాల్సిందే. ఆ తప్పుల్లో సగానికి పైగా నావే కాబట్టి మొదట్లో ఆవిడంటే నాకు ఒళ్లు మంట. నాకసలే ముక్కు మీద కోపం.

మాది పదకొండు మంది ఉన్న చిన్న కంపెనీ. కింద కుట్టుమిషన్లు బాగుచేసే షాపు, పైన మా రెండు గదులు. ఒకరోజు పొద్దున తన మిషన్ బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒక నడివయసు ఆవిడ, కింద షాపు తెరవలేదని మెట్లెక్కి వచ్చి, ఎప్పుడు తెరుస్తారని అడిగింది. అడుగుతూ అడుగుతూ నా స్క్రీన్ వైపు చూసి, ఆ పిల్లాడి కాలు నేలకు ఆనడం లేదేమిటి అంది. నిజమే, వెంట్రుకవాసి ఖాళీ ఉంది. మూడు నెలలుగా మాలో ఒక్కరికీ కనబడలేదు. మా ఓనరు అక్కడికక్కడే కుర్చీ వేయించి ఆవిడను పనిలో పెట్టుకున్నాడు.

అంతకు ముందు పన్నెండేళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో కుట్లు సరిచూసిందట. అది మూతపడింది. అక్కడి సూపర్‌వైజర్ తప్పులు మాత్రమే చదివి తిట్టేవాడని, కుట్టే ఆడపిల్లలు బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చేవారని చెప్పేది. అందుకే మా దగ్గర చేరగానే ఒక పద్ధతి పెట్టింది. ప్రతి లెవెల్‌కూ, అంటే గేమ్‌లో ఒక్కో అంచెకూ, ఒక కాగితం, దాని మీద నిలువుగా ఒక గీత. ఎడమ గడిలో మంచి, కుడి గడిలో తప్పులు. మంచి రాయకుండా తప్పు రాయకూడదు. లెవెల్స్ తయారుచేసేది నేనే కాబట్టి, చదివినట్టు కింద నేను సంతకం పెట్టాలి. కుడి గడి చూసి, పళ్లు నూరుకుని, సంతకం గీకేసి ఇచ్చేసేదాన్ని.

మా గేమ్‌లో ఒక చిన్న వ్యోమగామి. మేం బుడ్డోడు అనేవాళ్లం. వాడి ఓడ పగిలి ముక్కలు తొమ్మిది గ్రహాల మీద పడ్డాయి. గెంతుకుంటూ, గోతులు దాటుకుంటూ వాడు వాటిని ఏరుకోవాలి. జల్లెడక్క ఒక్కో గోడకు వాణ్ని మూడేసిసార్లు గుద్దించేది, ప్రతి గోతిలోనూ కావాలని పడేసేది. ఆ తర్వాత మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పుకొచ్చేది. గెంతు బ్రహ్మాండంగా ఉందట, ఏ గ్రహం ఎంత బరువో వేలికి తెలుస్తోందట. రెండో గ్రహం మీద గాలి లేదు కాబట్టి చప్పుడు కూడా లేకపోవడం చాలా బాగుందట. అలా పొగిడి పొగిడి చివర్లో చురక వేసేది. కెమెరా బుడ్డోడి కన్నా బద్ధకంగా ఉంది, వాడు దూకాక గానీ ఎక్కడ పడతాడో కనబడదు. ఐదో గ్రహంలో ఎక్కాల్సిన రాయి, వెనక ఉన్న కొండ ఒకే రంగు. ఇక చచ్చిన ప్రతిసారీ మొదటికి రావడమైతే ప్రాణం విసిగిపోతోంది అనేది. ఆ చురకలే తప్ప పొగడ్తలు నా చెవికెక్కేవి కావు, కంచంలోంచి తల ఎత్తేదాన్ని కాదు.

ఆవిడ భర్త, మాకందరికీ బావగారు, ఇరవై ఆరేళ్లు బస్సు నడిపిన మనిషి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాట కూడా పోయింది. ఇంట్లో ఉంటున్నారని తెలుసు. అంతకు మించి అడిగిన పాపాన పోలేదు నేను.

గేమ్ విడుదలకు రెండు వారాలుందనగా ఏడో గ్రహంలో ఒక తప్పు నా కంటబడింది. ఏడోది మంచు గ్రహం. దాని మధ్యలో పెద్ద అగాధం. కుడి చేత్తో పరుగు నొక్కి పట్టుకుని, ఎడమ చేత్తో గెంతి, గాల్లో ఉండగా మళ్లీ గెంతాలి. రెండు చేతులూ కుదిరితే తప్ప దాటలేరు. గేమ్ మొత్తానికీ నాకు గర్వకారణం అదే. కానీ అంచున విరిగిన యాంటెనా పక్కన నిలబడి ఊరికే ఒక్కసారి గెంతితే, బుడ్డోడు దూదిపింజలా తేలుకుంటూ అవతలికి పోతున్నాడు. ఆరో గ్రహాన్ని కాపీ చేసి ఏడోది మొదలుపెట్టాను. ఆరోదానిలో బుడ్డోణ్ని తేల్చే తేలిక గాలి ముక్క ఒకటి, జానెడంత, చెరపకుండా వదిలేశాను.

తప్పు నాది. అరిచింది మాత్రం ఆవిడ మీద. అందరినీ కూర్చోబెట్టి, నాలుగు నెలలుగా ఈ లెవెల్ ఆడుతున్నావు, ఇంత పెద్దది కనబడలేదా, నీ జల్లెడకు చిల్లు పడిందా అని నోరు పారేసుకున్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ తన ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెరవలేదు.

"కనబడింది," అంది. "ఆ ఒక్కటీ అలా ఉంచేస్తే ఏమవుతుందమ్మా?"

"ఉంచితే ఆ లెవెల్‌కి పరువేం మిగులుతుందక్కా?" అన్నాను.

పది నిమిషాల్లో సరిచేసేశాను. ఆ వారంలో రెండుసార్లు ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. చెవుల్లో హెడ్‌ఫోన్స్ తీయకుండానే, పనుందక్కా అన్నాను.

గేమ్ విడుదలైంది. గెంతు అద్భుతమని రాశారు, కెమెరాను తిట్టారు, ఐదో గ్రహం రంగులను తిట్టారు. అన్నీ అక్క కాగితాల్లో ఉన్నవే. ఏడో గ్రహం దగ్గర విసిగి మానేశామని చాలామంది రాశారు. అది చదివి నేను మురిసిపోయాను.

ఐదు వారాల తర్వాత బావగారు పోయారని కబురొచ్చింది. రెండోసారి వచ్చిన పక్షవాతం తీసుకుపోయింది. కార్యక్రమాలన్నీ అయ్యాక, ఒక మధ్యాహ్నం నేనొక్కదాన్నే వాళ్లింటికి వెళ్లాను. ముందు గదిలో ఒక మంచం, ఎదురుగా టీవీ, దాని కింద మా ఆఫీసు పాత కంట్రోలర్. దానికి ఎడమ పక్క బటన్ల మీద రంగు పూర్తిగా అరిగిపోయింది. కుడి పక్కన కొత్తదిలా ఉంది. నా చూపు దాని మీదే నిలిచిపోవడం ఆవిడ గమనించింది.

ఆయన వేళ్లకు పని చెప్పమని డాక్టరు అన్నాడట. పరీక్షించే పని ఇంట్లో కూడా చేసుకోవచ్చు కదా అని అక్క గేమ్ ఇంటికి తెచ్చిందట. ఎడమ చేత్తో ఒక్కో గ్రహమే నెమ్మదిగా దాటుతూ వచ్చారు. ఏడో గ్రహం దగ్గర నెల రోజులు పడ్డారు. ఒకరోజు ఆయనే ఆ యాంటెనా పక్క చోటు కనిపెట్టారు. బుడ్డోడు అవతలి ఒడ్డు మీద దిగగానే "దాటాం" అన్నారట. ఏడాదిన్నర తర్వాత నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. బస్సులో చెడ్డ రోడ్డు గడిచినప్పుడు వెనక్కి తిరిగి చెప్పే మాటేనట. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఏడో గ్రహం ఆడడం, దాటాం అనడం.

"పాత కాపీ ఒకటి ఇంట్లో ఉంచుకోవాల్సిందక్కా," అన్నాను.

"కొత్త కాపీ వచ్చినప్పుడల్లా పాతవన్నీ చెరిపేశానని ఆఫీసులో సంతకం పెట్టేది నేనే కదే."

కొత్త కాపీలో ఆయన అదే చోట నిలబడి గెంతేవారు, పడేవారు. మళ్లీ గెంతేవారు. గేమ్ మార్చారండీ, మీ తప్పు లేదు అని అక్క చెబితే నమ్మలేదు. తనను ఓదార్చడానికి అంటోందనుకున్నారు. ఉన్న ఒక్క చెయ్యీ పోతోందనుకున్నారు. రెండు వారాలు అలా పడి పడి, ఒకనాడు కంట్రోలర్‌ను టీవీ కిందికి తోసేసి గోడ వైపు తిరిగి పడుకున్నారు. డాక్టరు చెప్పిన వ్యాయామం కూడా మానేశారు. మాట మళ్లీ రాలేదు.

నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు.

"రాశానమ్మా," అంది. "ఆ కాగితం మీద నీ సంతకం ఉంది. అంతమంది ముందు అది తీసి చూపిస్తే నువ్వేమైపోతావు?"

అటునుంచి అటే ఆఫీసుకు వెళ్లి ఫైలు తీశాను. ఏడో గ్రహం, నాలుగు నెలల వెనకటి కాగితం. కుడి గడిలో తొమ్మిది తప్పులు, తొమ్మిదింటి పక్కనా నేను పెట్టిన టిక్కులు. ఎడమ గడిలో ఒకటే మాట: "విరిగిన యాంటెనా పక్కన నిలబడితే ఒక్క చేత్తో దాటవచ్చు. చాలా బాగుంది." కింద నా సంతకం. మంచి గడిని నేను ఏనాడూ చదవలేదు. మూడేళ్ల కాగితాలు ముందేసుకుని ఆ సాయంత్రమంతా ఎడమ పక్కే చదువుతూ ఏడ్చాను. నా పనిని ఒక మనిషి అంత మెచ్చుకుందని నాకు తెలియదు.

మర్నాడు ఆ జానెడు గాలి ముక్కను ఎక్కడిది అక్కడ పెట్టి, కొత్త కాపీని అందరికీ పంపించాం. అక్క పనిలోకి వచ్చాక ముందు ఏడో గ్రహమే ఆడింది. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో ఒక్కసారి గెంతించింది. బుడ్డోడు తేలుకుంటూ వెళ్లి అవతల దిగాడు. అక్క కాగితం తీసి గీత గీసి, రెండు వైపులా రాసి నాకిచ్చింది.

ముందు ఎడమ గడి చదివాను. అదే మాట, అక్షరం మారకుండా ఉంది. కుడి గడిలో ఒక్కటే తప్పు: "ఆయన ఉన్న చివరి ఏడు వారాలు ఇది లేదు."

చదివాను. కింద సంతకం పెట్టాను.