పెద్దాయన కొట్టేసిన వాక్యం

ఈ రోజు కామారెడ్డిలో ఒక పెద్దాయన సభకు పోయి, కొట్లాడి వచ్చాను. ఫైనాన్స్ వ్యాపారంలో కోట్లు సంపాదించి, ఇప్పుడు బడులు కట్టిస్తూ పుస్తకం రాసిన మనిషి ఆయన. అందులో ఒక వాక్యం నెల రోజులుగా నన్ను కాలుస్తోంది: "చదవడానికి టైం లేదనేవాడు సోమరి." అది అడగడానికే ఎల్లారెడ్డి రైస్ మిల్లులో ఒక పూట పని మానుకుని బస్సెక్కాను.

ప్రశ్నలు చీటీ మీద రాసివ్వమన్నారు. నా చీటీ చదివిన నిర్వాహకుడు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇక ఆగలేక లేచి నిలబడ్డాను.

"సార్, పొద్దంత వడ్ల బస్తాలు మోసి ఇంటికి పోతే, పుస్తకం తెరవంగనే కండ్లు మూతవడ్తయి. నేను సోమరినా?"

"కూసో తమ్మీ! పెద్దమనిషి ముంగట గిట్లనా మాట్లాడేది?" అని నిర్వాహకుడు కసిరాడు.

పెద్దాయన అతన్ని ఆపి, "మరి నా పుస్తకం ఎట్ల చదివినవు బాబూ?" అన్నారు.

"రోజుకు రెండు పేజీలు సార్. లారీ వచ్చేదాక బస్తాల మీద కూసొని."

ఆయన స్టేజీ దిగి వచ్చి, నా చేతిలోని పుస్తకం తీసుకుని, ఆ వాక్యాన్ని పెన్నుతో కొట్టేశారు. పక్కన "తప్పు నాదే" అని రాసి సంతకం పెట్టారు. డబ్బున్నవాళ్ల నుంచి ఆ మాట నాకు రావడం ఇదే మొదటిసారి. సార్, మీకు దండం.

చిక్కేమిటంటే, అది లైబ్రరీ పుస్తకం. కొత్తది కొనిచ్చి దీన్ని నేనే ఉంచుకుంటానంటే లైబ్రేరియన్ ఒప్పుకుంటారా? మీరైతే ఎలా అడుగుతారు?